ఇసుక నేలలో పన్నెండు నెలల పూలు

వాక్యభాగం: యెషయా 41:17–20

ఎడారికి మాటిచ్చినప్పుడు దేవుడు ఒక్క చెట్టు పేరు చెప్పి ఊరుకోలేదు. ఏడు రకాలు చెప్పాడు. మొదట దేవదారు, దాని వెంటనే తుమ్మ. దేవదారు లెబానోను కొండల మీద, మంచు పడే చోట పెరిగేది. తుమ్మ సీనాయి ఎండలో వేరు లోతుకు దింపుకుని బతికేది. వాటంతట అవి ఒకే నేలలో మొలవవు, ఎవరో పూనుకుని నాటితేనే పక్కపక్కన నిలుస్తాయి. ఆ నాటిన చెయ్యి ఎవరిదో జనం చూసి తెలుసుకోవాలన్నదే 20వ వచనం. ఇంకొకటి గమనించండి. చెట్ల మాటకు ముందు నీళ్ళ మాట ఉంది, నీళ్ళకు ముందు దప్పికతో నాలుక ఎండిపోయిన పేదల మొర ఉంది. దేవుడు తోట వేసిన వరస అది.

మైపాడు, కోడూరు, తూపిలిపాళెం వైపు ఇళ్ళున్నవాళ్ళకు ఆ దప్పిక తెలుసు. మన ఇసుక నీటిని నిలవనివ్వదు, పోసింది పోసినట్టే కిందికి జారిపోతుంది. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురిసిపోతుంది, అదీ తుపానుతో కలిసి. రొయ్యల గుంటలు వచ్చాక చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పెక్కాయి. అలాంటి చోట పెరడు రెండు తీరుల్లో కనిపిస్తుంది.

పెద్దవాళ్ళు వేసిన పెరట్లో సముద్రం వైపు సరుగుడు వరస, దడి వెంట గన్నేరు, నందివర్ధనం, ఒక మూల పొగడ, బావి దగ్గర కొబ్బరి ఉంటాయి. ఎవరు చూసినా చూడకపోయినా అవి నిలబడే ఉంటాయి. ఎండకాలంలో ఊరెళ్ళి నెల తర్వాత వచ్చినా పచ్చగా పలకరిస్తాయి. రెండో తీరు ఈమధ్య వచ్చింది. కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చిన మొక్కలు, కుండీల్లో చామంతి, జీనియా, రంగురంగుల బంతి. ఆరేడు వారాలు కళ్ళు చాలవు. తర్వాత ఉప్పుగాలికి ఆకు అంచులు మాడతాయి, మే నెల వచ్చేసరికి ఒట్టి మట్టి మిగులుతుంది. గోదావరి ఒండ్రులో పుట్టిన మొక్కను తెచ్చి సముద్రపు గాలికి ఎదురుగా నిలబెడితే అది మాత్రం ఏం చేస్తుంది?

నా ప్రాణం పాత పద్ధతి వైపే మొగ్గుతుంది. అయినా పండగపూట గుడికి తీసుకెళ్ళడానికి దోసెడు పూలు లేని పెరడు చూస్తే మనసు చిన్నబోతుంది. ఈ రెండింటినీ కలిపి నాటినవాళ్ళ పెరట్లోనే ఏ నెల వెళ్ళినా ఏదో ఒకటి పూస్తూ ఉంటుంది. అలా కలపడానికి ఒక వరస ఉంది. ముందు గాలికి అడ్డు. గోడ కడితే గాలి దాని మీంచి దూకి ఇవతల సుడి తిరుగుతుంది. చెట్ల వరస అయితే గాలిని వడగట్టి నెమ్మదిగా వదులుతుంది. అందుకే సరుగుడు, దాని లోపల గన్నేరు. సరుగుడుకు మరీ దగ్గరగా పూలమడి వేయకూడదు. నీళ్ళన్నీ అదే తాగేస్తుంది, రాలిన ఆకు మందంగా పరుచుకుని దేన్నీ మొలవనివ్వదు. కాస్త ఎడంగా, ఆ మరుగులో, చెరువులు ఎండిన మే నెలలో తోలించిన ఒండ్రూ పశువుల ఎరువూ కలిపి మడి కట్టుకోవాలి. సీజను పూలు ఉండాల్సిన చోటు అది.

ఇక ఏడాది తిరుగుతుంది. శీతాకాలంలో కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, కొన్నాళ్ళు నీళ్ళు ఆపిన మల్లె మార్చి నుంచి విరగబూస్తుంది. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర కూడుకునే ఆరాధనకు అవే పూలు. ఎండలు ముదిరితే కాగితంపూలు, రేల. వానలు మొదలైతే జాజులు, ఆ వెనక రాత్రి పూసి తెల్లారేసరికి రాలే పారిజాతం. చామంతికి రాత్రులు పొడుగైతే గాని మొగ్గ రాదు, అందుకే అది సరిగ్గా క్రిస్మస్ రోజులకు అందుతుంది. దాన్ని కుండీలో పెంచితే తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు వరండాలోకి జరుపుకోవచ్చు. బంతి నారు సెప్టెంబరులోనే పోసుకోవాలి. 2015 నవంబరు వరదలు, 2023 డిసెంబరు మిచాంగ్ తుపాను చూసిన మనకు మడి గట్టు ఎందుకు ఎత్తుగా ఉండాలో ఒకరు చెప్పనక్కర్లేదు. వీటన్నిటి వెనక నందివర్ధనం, గన్నేరు, బిళ్ళగన్నేరు మాత్రం ఏ నెలా పూర్తిగా మానకుండా నాలుగు పూలు పూస్తూనే ఉంటాయి. మల్లెను డిసెంబరులో పూయమని ఎవరూ అడగరు. చామంతి మే నెలలో పూయలేదని పీకి పారెయ్యరు.

సంఘంలో మాత్రం మనం అడుగుతాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. పట్టపుపాళేల్లో మగవాళ్ళు ఇళ్ళ దగ్గర ఉంటారు, సాయంత్రపు ప్రార్థనలకు వస్తారు, గొంతెత్తి పాడతారు. బోట్లు మళ్ళీ నీళ్ళలోకి దిగాక ఆదివారాల్లో వాళ్ళ చాపలు ఖాళీ. అప్పుడు ఎవరో ఒకరు 'సీజను భక్తి' అంటారు. ఆ మాట అనకండి. ఆ రెండు నెలల్లో వాళ్ళు తెచ్చిన సంతోషం నిజమైనది. అల్లాడే సముద్రం మీద వాళ్ళు చేసే ప్రార్థన మన హాజరు పట్టీలో కనపడదు, అంతే. అలాగే ఏడాది పొడవునా అదే మూల కూర్చుని, గొప్పగా పాడలేక, సాక్ష్యం చెప్పడానికి లేవలేక, ప్రతి ఇంటి కష్టాన్నీ పేరుపేరునా దేవుని ముందు పెట్టే అవ్వలున్నారు. వాళ్ళను కూడా మనం గమనించం, పూయడం లేదనుకుంటాం. గాలిని ఆపుతున్నది వాళ్ళే.

ఈ తీరంలో సువార్త పెరిగిన తీరు కూడా ఇదే. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరారు. 1849లో లైమన్ జూయెట్ వచ్చారు. ఏళ్ళు గడిచినా విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. 1853లో ఈ మిషన్ను మూసేద్దామా అని అమెరికాలో చర్చకు పెట్టారు. మరుసటి జనవరి 1న తెల్లవారుజామున జూయెట్ దంపతులు, వాళ్ళతో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి మోకరించారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటాం. తర్వాత దాదాపు పాతికేళ్ళకు, ఘోరమైన కరువు వెనకాల, 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనం ప్రసంగాల్లో ఆ జూలై రోజును చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ నెల్లూరులో పూలు లేకుండా గడిచిన ఆ ముందు ఏళ్ళను తీసేస్తే గుండ్లకమ్మ రోజు నిలబడదు.

గుడారంలోని మందసాన్ని తుమ్మకర్రతో చేయమన్నాడు దేవుడు. సొలొమోను కట్టిన మందిరం లోగోడలకు దేవదారు పలకలు వేశారు. నెహెమ్యా కాలంలో పర్ణశాలల పండుగకు జనం కొండ నుంచి గొంజి కొమ్మలు తెచ్చుకున్నారు. మోసుకుపోయే మందసానికి ఒక చెట్టు, కదలని ఇంటికి ఒక చెట్టు, ఏడు రోజుల పండుగకు ఒక చెట్టు. మూడు రకాలకూ దేవుని సన్నిధిలో పని ఉంది, యెషయాలోని తోటలో ఆ మూడూ కలిసే ఉన్నాయి.

ఈ రోజు మీ సంఘంలో ఇద్దరిని తలచుకోండి. ఒకరు ఎప్పుడూ ఉండేవాళ్ళు, మీరు కృతజ్ఞత చెప్పడం మరచినవాళ్ళు. ఇంకొకరు ఎప్పుడో వచ్చేవాళ్ళు, వచ్చినప్పుడు మీ ముఖంలో ఆహ్వానం చూడనివాళ్ళు. ఇద్దరి ఇంటికీ వెళ్ళండి. పెరట్లో ఇవాళ ఏది పూస్తే అది తీసుకెళ్ళండి.

ప్రార్థన: తండ్రీ, ఇసుకలో నీళ్ళు పుట్టించేవాడా, ఈ తీరంలో ఉప్పు నీళ్ళు తాగుతున్న ఊళ్ళను కనికరించు. వేటకు వెళ్ళిన మా అన్నదమ్ములను క్షేమంగా ఒడ్డు చేర్చు. మా మధ్య మౌనంగా నిలబడినవారి మోకాళ్ళకు బలమియ్యి. నీవు పక్కపక్కన నాటినవారిని మేము విడదీయకుండా మా నాలుకను కాపాడు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.