హృదయమందిర కైంకర్యము

కార్తిక పూర్ణిమనాడు సూర్యోదయమునకు ముందే మంగినపూడి సముద్రతీరము భక్తజనులతో నిండిపోవును. బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల నుండి కుటుంబములు తరలివచ్చి, సముద్రస్నానము గావించి, దీపములు వెలిగించి, చిలకలపూడిలోని శ్రీ పాండురంగస్వామిని సేవించి ఇండ్లకు మరలును. స్నానము చేసినవారి పెదవులపై ఉప్పు నిలుచును. మంచినీటితో కడిగిన ఆ ఉప్పు పోవును. నిత్యము విస్తరి మీదుగా శరీరములో చేరెడి ఉప్పు మాత్రము అంత సులభముగా పోదు.

సర్వేశ్వరుడు సకల ప్రాణుల హృదయదేశమునందు నెలకొనియున్నాడని గీతాచార్యుడు పదునెనిమిదవ అధ్యాయమున ఉపదేశించినాడు. అచ్చట చెప్పబడిన హృదయము కేవలము మాంసపిండము కాదని పెద్దలు విడదీసి చెప్పుదురు. అది నిజమే. అయినను భగవంతుని తలచుటకు, నామము పలుకుటకు, కోవెలకు నడచుటకు ఆధారమైనది ఈ శరీరమే. శరీరమును నిలుపునది ఆ పిడికెడు గుండెయే. అది దినమునకు సుమారు లక్ష మారులు కొట్టుకొనును. గృహస్థు లక్ష తులసి పూజ జీవితములో ఏ ఒకటి రెండు మారులో చేయించుకొనును. గుండె మాత్రము ప్రతిదినము ఒక లక్షార్చన జరుపుచునే యున్నది. అట్టి అర్చకునిపై మోయరాని భారము మోపుట ధర్మమా?

ఆ భారములో పెద్దపాలు ఉప్పుది. ఉప్పు అధికమైనచో శరీరము నీటిని పట్టియుంచును. రక్తనాళములలో ప్రవాహము పెరిగి ఒత్తిడి హెచ్చును. ఆ ఒత్తిడికి ఎదురుగా రక్తమును నెట్టి నెట్టి గుండె గోడలు దళసరియగును, నాళములు బిరుసెక్కును. రక్తపుపోటు సాధారణముగా ఏ లక్షణమును చూపక సంవత్సరముల తరబడి లోలోపలనే పనిచేయును. పెద్దవారికి దినమునకు 5 గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాడుకు, లోపుగా ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. కూరలోనిది, పచ్చడిలోనిది, అప్పడములోనిది, మజ్జిగలో కలుపుకొన్నది అన్నియు ఆ చెంచాడులోనివే. ఉపవాస దినములందు వాడెడి సైంధవ లవణమునకును ఈ లెక్క తప్పదు.

కృష్ణా డెల్టా గృహములలో ఆవకాయ, గోంగూర, వడియములు, ఊరమిరపకాయలు లేని భోజనము అరుదు. కూరలు దొరకని వానకాలమునకై పూర్వులు ఉప్పుతో నిలువ చేసికొన్న పదార్థములివి. వారు పగలంతయు పొలములలో చెమటోడ్చినవారు. నేడు అనేకులకు ఆ శ్రమ లేదు. ఊరగాయ జాడీలో చేయి మాత్రము వెనుకటివలెనే ఆడుచున్నది. మిక్కిలి పులుపు, ఉప్పు, కారము గల ఆహారము రాజసులకు ప్రియమనియు, దుఃఖమును, రోగమును కలిగించుననియు గీత పదునేడవ అధ్యాయము హెచ్చరించుచున్నది.

ఈ సందర్భమున కుంభకోణము చెంతగల తిరునాగేశ్వరమందలి ఉప్పిలియప్పన్ స్వామి చరిత్ర స్మరణీయము. నూట యెనిమిది దివ్యదేశములలో అది యొకటి. భూదేవి మార్కండేయ మహర్షికి కుమార్తెగా పెరిగినదట. శ్రీహరి వృద్ధరూపమున వచ్చి కన్యనడుగగా, తన బిడ్డ పసిదనియు, వంటలో ఉప్పు వేయుటయైనను ఎరుగదనియు మహర్షి విన్నవించెను. ఉప్పు లేని వంటయే తనకు ప్రీతియని స్వామి పలికెను. నేటికిని ఆ సన్నిధిలో నివేదనము ఉప్పు లేకయే జరుగుచున్నది.

జగత్తునకు అన్నము పెట్టువాడు ప్రేమకొరకు చప్పిడి వంటను స్వీకరించినాడు. వైద్యుడు చెప్పెనని ఇల్లాలు కూరలో ఉప్పు తగ్గించిన దినమున మాత్రము గృహస్థు కనుబొమలు ముడిచి, విస్తరి ముందు కసురుకొని, ఉప్పుగిన్నె తెమ్మనును. ఆమె మరునాడు మునుపటివలెనే వండును. ఈ విధముగా ఎన్ని గృహములలో ఆరోగ్యము ఒక్క కసురుతో ఓడిపోవుచున్నదో! వంటశాలలోని నియమము భోక్త నాలుకపై నిలువవలెను. ఉప్పు ఒక్కమారుగా మానవలసిన పనిలేదు. కొంచెము కొంచెముగా తగ్గించినచో కొన్ని వారములలో నాలుక అలవాటుపడును. నిమ్మరసము, కరివేపాకు, కొత్తిమీర, మిరియము రుచికి లోటు రానీయవు.

తక్కిన నియమములును కష్టసాధ్యములు కావు. వారమునకు ఐదు దినములు అరగంటసేపు చురుకుగా నడచిన చాలును. దగ్గరి కోవెలకు వాహనము విడిచి నడచినచో సేవయు, సాధనయు ఒకేమారు సిద్ధించును. చుట్ట, బీడి, సిగరెట్టు, నమలు పొగాకు పూర్తిగా వర్జింపవలెను. కనీసము ఏడాదికొకమారు రక్తపుపోటు చూపించుకొనవలెను; పై అంకె 140, క్రింది అంకె 90 దాటుచున్నచో వైద్యుని ఆశ్రయింపవలెను. ఏకాదశి ఉపవాసమని నిత్యము వేసికొను మాత్రలను స్వయముగా మానరాదు. గుండెజబ్బు గలవారు వైద్యుని అడిగిన పిదపనే ఉపవాసమునకు, చలివేళ సముద్రస్నానమునకు పూనుకొనవలెను.

యాత్రలోగాని, ఇంటగాని ఛాతీ బరువెక్కి, నొప్పి ఎడమచేతికో దవడకో ప్రాకి, చెమటలు పోసినచో, అది వాయువని సోడా త్రాగి పడుకొనుట ప్రాణాపాయము. ప్రదక్షిణము మిగిలియున్నదని సంకోచింపక తక్షణమే 108కి ఫోను చేయవలెను. గుండెపోటులో ప్రతి నిమిషమును విలువైనదే. మిగిలిన ప్రదక్షిణమును స్వామి మరియొకనాడు చేయించుకొనును.

ఉప్పుగిన్నెను ప్రక్కకు నెట్టిన చేతులే మరుసటి కార్తికమున మంగినపూడి అలలకు జోడింపబడునట్లు, దీర్ఘాయువును, నిశ్చల భక్తిని శ్రీమన్నారాయణుడు భక్తకోటికి అనుగ్రహించుగాక!