పొయ్యి వేరైతే పేగు వేరవుతుందా?

2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి కుటుంబ సర్వే జరిగినప్పుడు టీచర్లమైన మేమే ఫారాలు పట్టుకొని తిరిగాం. కోదాడ దగ్గరి ఒక తండాలో ఒక ముసలమ్మను "ఇంట్లో ఎంతమంది యాడీ?" అని అడిగాను. యాడి అంటే మా లంబాడీ మాటలో అమ్మ. "నలుగురం" అన్నది. ఇద్దరు కొడుకులు, కోడలు హైదరాబాదులో ఉంటారు. "వాళ్లు ఇక్కడ లేరు కదా" అన్నాను. కాసేపాగి, "అయితే ఒక్కదాన్నే రాసుకో బేటా" అన్నది. ఆ మాట ఆమె నోట నేనే చెప్పించాను.

జనాభా లెక్కల్లో కుటుంబమంటే ఒకే పొయ్యి మీది కూడు తినేవాళ్లు. ఒక మనిషిని రెండుచోట్ల రాయకుండా ఉండటానికి ఆ నియమం అవసరమే. కానీ పొయ్యి లెక్క వేరు, బంధం లెక్క వేరు. 2014 ఆగస్టు 19న ఒకే రోజున సమగ్ర కుటుంబ సర్వే జరిగితే పట్నం నుంచి జనం బస్సుల్లో కిక్కిరిసి సొంతూళ్లకు వచ్చారు. సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతాల తండాల నుంచి పిల్లలు హాస్టళ్లకు, పడుచువాళ్లు పనులకు పోతున్నారు. బతికే చోటు ఒకటి, మనవాళ్లున్న చోటు ఒకటి.

"పిల్లలు మీతో ఉంటున్నారా?" అంటే జవాబు అవును, కాదు అనే రెండే. ఆ "కాదు"లో పనికి పోయిన కొడుకూ, తల్లిని వదిలేసిన కొడుకూ ఒకటైపోతారు. "పిల్లలు చూసుకుంటున్నారా?" అని అడిగితే ఏ తల్లీ కొడుకు పరువు తీయదు. తల్లిదండ్రుల పోషణ పిల్లల బాధ్యతని 2007 నాటి చట్టం చెబుతోంది. అయినా వాకిట్లో నిలబడి తీర్పు చెప్పమనడం న్యాయం కాదు.

అందుకే జరిగిన సంగతులే అడగాలి. పిల్లలెందరు, ఒక్కొక్కరు ఎక్కడున్నారు, ఎందుకు పోయారు? చివరిసారి ఎప్పుడొచ్చారు? మొన్న జ్వరమొస్తే దవాఖానకు ఎవరు తీసుకపోయారు? డబ్బు ఎవరు ఎవరికి పంపారు? తన పింఛను మనుమడి ఫీజుకిచ్చే ముసలమ్మలు కూడా ఉంటారు. ఈ ప్రశ్నలు మన భాషలో, పక్కింటివాళ్లు వినకుండా అడగాలి. చెప్పడం ఇష్టం లేదంటే ఆగాలి.

నేను లేచేటప్పుడు ఆమె, "నీ యాడి ఎవరితో ఉంటది బేటా?" అన్నది. మా అమ్మ తండాలో ఒక్కతే ఉంటది, నేను సూర్యాపేటలో ఉంటాను. అవును, కాదు అనే గళ్లలో నా జవాబు పట్టలేదు. ఫారం పట్టుకొని బయలుదేరే ముందు ప్రతి ప్రశ్నకూ మన ఇంటి జవాబు మనం రాసుకొని చూద్దాం. మనకు గుచ్చుకున్న ప్రశ్న ఎదుటివాళ్లకూ గుచ్చుకుంటుంది.