చేతిపని – తల్లిదండ్రులు ఇవ్వవలసిన ఆస్తి



దోమకొండ గడికోట మన ప్రాంతంవారందరికీ తెలిసినదే. ఒకప్పుడు శిథిలమై పాడుబడి ఉన్న ఆ కోటను బాగుచేశారు. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాలలో దానికి 'అవార్డ్ ఆఫ్ మెరిట్' లభించింది. న్యాయనిర్ణేతలు కోట అందాన్ని మాత్రమే మెచ్చుకోలేదు. పాతకాలపు కట్టుబడి పద్ధతులను వాడుతూ, శిక్షణ తరగతుల ద్వారా స్థానికుల పనితనాన్ని పెంచారని కూడా మెచ్చుకున్నారు. రాయి ఎంత గట్టిదైనా, దాన్ని పేర్చే చేతికి పని తెలియకపోతే గోడ నిలవదు కదా!

నిర్గమకాండము 31వ అధ్యాయం చదవండి. గుడారపు పనికోసం దేవుడు బెసలేలును పేరుపెట్టి ఎన్నుకొని, తన ఆత్మతో నింపాడు. ఎందుకు? లోహపు పని చేయడానికి, రత్నాలు చెక్కడానికి, కొయ్యపని చేయడానికి. ఆ పనిని ఇతరులకు నేర్పే శక్తిని కూడా దేవుడే ఇచ్చాడని 35వ అధ్యాయం చెబుతోంది. పనితనం దేవుని వరం. దాన్ని మరొకరికి నేర్పడం కూడా దేవుని వరమే.

నజరేతులో పునీత జోజప్పగారు యేసుప్రభువుకు ఏ ఆస్తి ఇచ్చారు? పొలాలు రాసిచ్చినట్లు సువిశేషంలో ఎక్కడా లేదు. వడ్రంగి పని నేర్పారు. ఊరివారు మాత్రం "వడ్రంగే కదా" అని ప్రభువును తేలికగా చూశారు (మార్కు 6:3). మనమూ అలాగే చూడడం లేదా? పక్కింటి అబ్బాయి ఐ.టి.ఐ.లో చేరాడంటే, చదువు అబ్బలేదు కాబోలు అనుకుంటాం.

ఈ చిన్నచూపుకు మూల్యం చెల్లించేది మన పిల్లలే. పదో తరగతి తరువాత చదువు ఆపిన కుర్రవాడికి ఏ పనీ నేర్పించం. నాలుగేళ్లు గడిచాక వడ్డీకి అప్పు తెచ్చి, ఏజెంటు చేతిలో పోసి గల్ఫుకు పంపుతాం. పని తెలియనివాడికి అక్కడ దొరికేది ఎండలో బరువులు మోసే పనే. జీతం వడ్డీకే సరిపోతుంది. కొడుకు ముఖం చూడక తల్లి, భర్త గొంతు ఫోనులో మాత్రమే వింటూ భార్య రోజులు వెళ్లదీస్తారు. ఇక ఆడపిల్లకు బీడీల చేటే గతి అనుకుంటాం. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు బోధించారు (లూకా 14:28). ఆ లెక్క మనం చూసుకున్నామా?

ఐ.టి.ఐ.లో వెల్డర్ శిక్షణ ఒక సంవత్సరం. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ శిక్షణ రెండేళ్లు. ఆ తరువాత 1961 అప్రెంటిస్ చట్టం కింద పరిశ్రమలో పని నేర్చుకోవచ్చు. ఆ కాలంలో నెలనెలా స్టైపెండు ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ఈ శిక్షణలు ఆడపిల్లలకూ అందుబాటులో ఉన్నాయి. చేతిలో పని, దానికి సర్టిఫికెట్ ఉన్నవాడు కామారెడ్డిలోనైనా, హైదరాబాదులోనైనా, దుబాయిలోనైనా తన పనికి తగిన కూలి అడగగలడు.

పని నేర్పే మేస్త్రీలకు కూడా ఒక మాట. 1852 ఫిబ్రవరి 8న ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఒక పేద బాలుణ్ణి వడ్రంగి పనికి పెడుతూ, పునీత డాన్ బోస్కోగారు యజమానితో ఒప్పందపత్రం రాయించి, తామూ సంతకం చేశారు. బాలునికి పని నేర్పాలి, తప్పు చేస్తే మాటతోనే దిద్దాలి, కొట్టరాదు, పండుగ దినాలలో సెలవివ్వాలి అన్నవి అందులోని షరతులు. మీ షెడ్డులో, మీ దుకాణంలో ఉన్న కుర్రవాణ్ణి మీరెలా చూస్తున్నారు? టీలు తేవడానికే పరిమితం చేస్తున్నారా, లేక పనిముట్టు చేతికిచ్చి నేర్పుతున్నారా?

తల్లిదండ్రులారా, ఈ ఆదివారం దివ్యపూజ నుండి ఇంటికి వెళ్లాక మీ బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకొని, "నీకు ఏ పని ఇష్టం?" అని అడగండి. పొరుగువారు ఏమనుకుంటారోనన్న బెంగ వదిలి, బిడ్డ చెప్పే జవాబు వినండి. విచారణ పెద్దలారా, పని తెలిసినవారిని, పని నేర్వగోరే పిల్లలను ఒకచోట కలపండి.

శ్రామికుల పాలకుడైన పునీత జోజప్పగారా, మా బిడ్డల చేతులకు పనిని, మా మనసులకు ఆ పనిపై గౌరవాన్ని ప్రభువునుండి అడిగి దయచేయండి. ఆమెన్.