పూయని రోజుల తోట

కడియపులంక లాంటి పూల ఊళ్ళో పువ్వు కొనుక్కోవడమంటే నామర్దా. ఆ ఊళ్ళో ఒక అత్తగారు, కార్తికంలో కాపురానికి వచ్చిన కోడలికి పెరట్లో ఐదు సెంట్ల నేల చూపించింది.

"అమ్మాయ్, ఇక ఈ పెరడు నీది. దేవుడి గూటి పక్కన ఇత్తడి చెంబు ఉంది చూశావూ, అందులో రోజూ కాడతో కోసిన పువ్వు ఉండాలి. ఏడాదిలో ఏ పొద్దునా అది ఖాళీగా కనిపించకూడదు. కొన్న పువ్వు పెట్టకూడదు."

"అలాగే అత్తయ్యగారూ" అంది కోడలు.

మర్నాడే నర్సరీలన్నీ తిరిగింది. చలికాలం కావడంతో ఎక్కడ చూసినా చామంతులు విరగబూసి ఉన్నాయి. గ్లాడియోలస్ కాడలు ఎర్రగా, పసుప్పచ్చగా నిలబడి ఉన్నాయి. కంటికి నచ్చినవన్నీ తెచ్చి, గట్టుకీ మధ్యకీ తేడా లేకుండా పెరడంతా నాటేసింది.

ఆ మార్గశిరంలో అత్తగారు మూలనున్న మల్లెపొదకు నీళ్ళు ఆపేసి, ఆకంతా దూయించి, మోకాలెత్తుకు కత్తిరించింది. మోడై నిలబడ్డ పొదను చూసి కోడలు మనసు చివుక్కుమంది. పచ్చని చెట్టును ఇలా చేస్తారా అనుకుంది గానీ పైకి అనలేదు.

సంక్రాంతికి చెంబు నిండా చామంతులు. పూత అయిపోగానే ఆ మొక్కలను పీకి పారేసింది. మాఘంలో గ్లాడియోలస్ అన్నీ ఒక్కసారే పూశాయి. కాడ పొడుగ్గా ఉంటే చెంబులో అందమని, నేలకు ఆనించి ఆకులతో సహా కోసేది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

ఉగాది పొద్దున తలంటుకుని పెరట్లోకి వెళ్ళేసరికి కోయడానికి ఒక్క కాడ లేదు. గ్లాడియోలస్ దుంపలు తవ్వి చూసింది. ఉల్లిపాయంత దుంపలు నాటితే ఉసిరికాయంతవి మిగిలాయి. పెరడంతటిలో నిండుగా మొగ్గ తొడిగింది ఒక్కటే, తాను జాలిపడ్డ ఆ మల్లెపొద.

ఖాళీ చెంబు పట్టుకుని వచ్చి అత్తగారి ముందు తల దించుకుంది.

అత్తగారు కోప్పడలేదు. గోడనున్న క్యాలెండరు దింపి, కుంకుమ భరిణె తెచ్చుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. తాము నాటిన మొక్కలు ఏ నెలలో పూస్తాయో ఆ నెల మీద ఒక్కో బొట్టు పెట్టించింది. పుష్యమాఘాలు ఎర్రబడ్డాయి. మిగతావన్నీ తెల్లగా ఉండిపోయాయి.

"బొట్టు లేని నెలలు చూడు. మనం తోట వేయాల్సింది వాటికోసం" అంది.

ఆ పొద్దంతా ఇద్దరూ లెక్క వేశారు. మాఘంలో డబుల్ లిల్లీ దుంపలు నాటితే మూడు నాలుగు నెలలకు కాడలు లేస్తాయి. అడుగున రెండు మూడు పువ్వులు విచ్చగానే కోస్తే మిగతావి చెంబులో విచ్చుకుంటాయి. రెండు మూడేళ్ళు తవ్వకుండానే పూస్తుంది గనక దాని చోటు గట్టు పక్కన. కొబ్బరిచెట్ల నీడలో హెలికోనియా వేస్తే వానలకు పూస్తుంది. దాని ప్రతి పిలకా ఒక్కసారే పూస్తుంది, కోశాక ఆ పిలకను మొదలంటా తీసేస్తేనే పక్క పిలకకు చోటు. దసరాకు కత్తిరించిన గులాబీ నెలన్నరకు పూతకొస్తుంది. పూత అయిన చామంతిని జానెడుంచి కోస్తే మొదట్లో పిలకలు వస్తాయి, వచ్చే ఏటికి నారు అదే. ఏటేటా తవ్వాల్సిన గ్లాడియోలస్‌కు నడిమి మడి, మడికీ మడికీ మధ్య అడుగు పెట్టే దారి. దుంపలన్నీ ఒకేసారి కాకుండా పదిహేను రోజులకొక వరస నాటితే కాడలు కూడా వరసలుగా వస్తాయి.

"కోసేటప్పుడు నాలుగైదు ఆకులు మొక్కకు ఉంచమ్మాయ్. కాడ నీది, ఆకు దుంపది. ఆకు పండి ఎండేదాకా నెలన్నర ఓపిక పట్టు. వచ్చే ఏటి పువ్వు ఆ నెలన్నరలోనే తయారవుతుంది."

"మరి నడివేసవి సంగతేంటత్తయ్యా? ఆ రెండు నెలల మీదా బొట్టు పడలేదు."

అత్తగారు కాసేపు ఆలోచించింది. "అప్పుడు మల్లె ఉంది. కాడ రాని రోజుల్లో కాడే కావాలనడం నాదే తప్పు. ఆ రెండు నెలలూ చెంబు తీసి పళ్ళెం పెట్టు. దేవుడు ఏమీ అనుకోడు."

మళ్ళీ మార్గశిరం వచ్చింది. ఈసారి మల్లెపొద దగ్గర కత్తెర పట్టింది కోడలే. ఆ తర్వాతి ఉగాదికి దేవుడి గూటి పక్కన పళ్ళెం నిండా మల్లెలున్నాయి. చెంబు తోమి బోర్లించి ఉంది, లిల్లీ కాడల కోసం.

నీతి: పూసిన రోజును చూసి మొక్క కొనేవాడికి ఒక రుతువే దక్కుతుంది. పూయని రోజులను లెక్కపెట్టి నాటేవాడికి ఏడాదంతా దక్కుతుంది.

చాలా మొక్కలు పన్నెండు నెలలూ పూయవు. అది వాటి లోపం అనుకోకూడదు. పువ్వు లేనప్పుడే ఆకు దుంపను పోషిస్తుంది, మోడు చిగురు కూర్చుకుంటుంది, మొదలు పిలక వేస్తుంది. ఆ విశ్రాంతిని మనం గౌరవించాలంటే, ఒకటి ఆగినప్పుడు ఇంకొకటి అందుకునేలా వంతులు వేయాలి. తోట వేయడమంటే ఆ వంతులు వేయడమే.

ఇంట్లో మనుషులైనా అంతే. రోజూ ఒకరి చేతి మీదనే ఇల్లు నడిస్తే ఆ చెయ్యి ఎండిపోతుంది. పని చేసేవాళ్ళకు నాలుగు ఆకులు మిగల్చని సంసారం రెండో ఏడు ఉసిరికాయంత దుంపనే తవ్వుకుంటుంది.

ఈసారి నర్సరీకి వెళ్ళే ముందు గోడ మీది క్యాలెండరు దింపండి. మీ పెరట్లో పువ్వులేని నెల ఏదో ముందు చూడండి. మొదటి మొక్క దానికోసం నాటండి.