అద్దె ఇంటికి పిట్టగోడ

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనమును మనలో చాలమంది చదివి దాటిపోవుదుము. క్రొత్తగా ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ పెట్టవలెననియు, పెట్టక ఎవడైన పడి చచ్చినచో ఆ దోషము ఆ ఇంటిమీద నిలుచుననియు దాని తాత్పర్యము. ఆ దేశమున మిద్దెలు చదునుగా ఉండెడివి. రాహాబు జనుపకట్టె ఆరబెట్టినది మిద్దెమీదనే. పేతురు ప్రార్థనకు ఎక్కినది మిద్దెమీదికే. పైపైన చూచిన యెడల ఇది తాపీమేస్త్రీకి చెప్పవలసిన మాటవలె తోచును. గాని ఒక ఇల్లు కట్టుకొని, అందులో ఒక వాటా ఇతరులకు అద్దెకిచ్చి, ఆ వచ్చుబడితో పిల్లలను చదివించుకొనుచున్న మనవంటివారికి ఇందులో గట్టి ప్రశ్న యున్నది. మన ఇంట జరుగు నేరమునకు మనము ఎంతమట్టుకు బాధ్యులము?

ఈ ప్రశ్న మాకు ఊరకనే పుట్టలేదు. మా వీధిలో మూడంతస్తుల ఇల్లొకటి యున్నది. యజమాని మంచివాడు, ఆదివారపు ఆరాధన తప్పనివాడు. పై అంతస్తులో ఆసుపత్రి నర్సు ఒకతె అద్దెకుండెను. మెట్లమీది బల్బు మాడిపోయి మూడు నెలలైనది. ఆమె రెండుసార్లు చెప్పినది. “చూద్దాంలేమ్మా” అనిరి. ఒకనాటి రాత్రి ఆమె డ్యూటీ ముగించుకొని వచ్చి మెట్లెక్కుచుండగా, మలుపున చీకటిలో నక్కియున్నవాడు మెడలోని గొలుసు తెంపి, ఆమెను క్రిందికి త్రోసి పారిపోయెను. చెయ్యి విరిగినది. మరునాడు యజమాని మాతో, “దొంగ వస్తే మేమేం చేస్తామండీ? గొలుసు మేం తెంపలేదు గదా!” అనెను. మేమును అవునని తల ఊపితిమి. ఆ తల ఊపినందుకే ఇది వ్రాయుచున్నాము.

యజమాని చెప్పినది చట్టము ప్రకారము తప్పు కాదు. చట్టము సాధారణముగా “నీకు తెలిసియుండెనా?” అని అడుగును. 1985 నాటి మత్తుపదార్థముల చట్టములోని 25వ సెక్షను ప్రకారము, తన ఇంటిలో అట్టి నేరము జరుగుటకు తెలిసి తెలిసి సమ్మతించిన యజమానికి ఆ నేరము చేసినవానికి పడు శిక్షయే పడును. 1956 నాటి వ్యభిచార వ్యాపార నిరోధక చట్టమును అట్టిదే. ఇల్లు దేనికి వాడబోవుచున్నారో యెరిగియే అద్దెకిచ్చినవానికి మొదటి తప్పుకు రెండేండ్లవరకు ఖైదు విధింపవచ్చును. నిర్గమకాండము 21వ అధ్యాయములోని పొడుచు ఎద్దు సంగతియు ఇంతే. ఎద్దు పొడుచునదని ఇరుగుపొరుగువారు ముందే హెచ్చరించినను కట్టివేయనివాడు ఎద్దుతో సమానముగా దోషి యగును.

పిట్టగోడ సంగతి ఇట్టిది కాదు. పడబోవువాడెవడో ఇంకను తెలియదు, ఎవడును పడలేదు, ఎవరును హెచ్చరింపలేదు. అయినను ముందుగానే కట్టవలెను. “నాకు తెలియదండీ” అను మాట ఇక్కడ పనికిరాదు. మరియొక విశేషము గమనింపుడి. పిట్టగోడ మిద్దె ఎక్కినవానిని కాపాడుటకే గాని, వానినుండి మిద్దెను కాపాడుటకు కాదు. మనమో, నేరము మాట వచ్చినప్పుడెల్ల అద్దెకు వచ్చినవానినుండి మన ఇంటిని ఎట్లు కాపాడుకొందుమని ఆలోచింతుము. ఆ ఇంటిలో నిదురించు వానిని ఎవరు కాపాడుదురు?

అద్దె ఇంటి పిట్టగోడలు చాలమట్టుకు చిన్నవి. మెట్లకు దీపము, ప్రహరీగేటుకు లోపలి గడియ, తలుపునకు వచ్చినదెవరో చూచుకొనుటకు చిన్న కంత, పక్క ఇంటినుండి దాటి రాగల వీలుంటే మిద్దె తలుపునకు గట్టి బోల్టు. ఇక తాళముల సంగతి. ఒక వాటాలో పదేండ్లలో ఆరు కుటుంబములు మారియుండును. తాళము మాత్రము అదియే. వెళ్లినవారు రెండు తాళపుచెవులు తిరిగి ఇచ్చిరని మనము తృప్తిపడుదుము. మూడవది ఎవరు చేయించుకొనిరో, ఎవరి జేబులోనున్నదో! క్రొత్త కాపురము దిగకముందే తాళము మార్పించుటకు అగు వ్యయము, మనము గోడల సున్నమునకని పట్టుకొను సొమ్ములో ఎన్నవ వంతు? అద్దె పెంచుటకు సంవత్సరము తిరుగునప్పటికి మనకు తప్పక జ్ఞాపకము వచ్చును. ఆ దినముననే ఇల్లంతయు ఒకసారి తిరిగి బోల్టులు, కిటికీ ఊచలు చూచుకొనుట కూడ జ్ఞాపకముంచుకొనిన బాగుండును.

కాగితముల విషయము అందరెరిగినదే గనుక త్వరగా చెప్పెదము. గుర్తింపు కార్డు చూడవలెను. పనిచేయు చోట విచారింపవలెను. అంతకుముందున్న ఇంటివారితో ఒక మాట మాట్లాడవలెను. ఈ పని దళారికి విడిచిపెట్టరాదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షను క్రింద అద్దెదారుల వివరములు పోలీసులకు తెలుపవలెనని పలుచోట్ల అధికారులు ఉత్తర్వులిచ్చుచుందురు. మన ఊర అట్టిది యున్నదేమో స్టేషనులో అడిగి తెలిసికొనవలెను. ఒప్పందము వ్రాసికొని, అద్దె బ్యాంకు ద్వారా పుచ్చుకొనుట ఉభయులకు మేలు. అడిగినదానికంటె ఎక్కువ అద్దె, ఆరునెలల సొమ్ము రొక్కముగా, కాగితము వద్దు, రసీదు వద్దు అని ఒకడు వచ్చినయెడల మనకు సంతోషము కలుగును. ఆ సంతోషమునే మనము అనుమానింపవలెను. పొడుచు ఎద్దును గూర్చిన హెచ్చరిక కొన్నిసార్లు నోట్లకట్ట రూపమున వచ్చును.

అయితే టులెట్ బోర్డు చూచి వచ్చినవానిని మనము నిజముగా అడుగు మొదటి ప్రశ్న ఇందులో ఏదియు కాదు. “మీరేమిట్లండీ?” అని అడుగుదుము. కులము తెలిసిన తరువాత మిగిలిన విచారణ అవసరములేదనుకొందుము. మనవాడైతే కార్డు చూడము; కానివాడైతే కార్డు చూపినను ఇల్లియ్యము. ఒంటరి స్త్రీకి ఇయ్యము, పరమతస్థునికి ఇయ్యము; దీనికి జాగ్రత్త అని పేరు పెట్టుకొందుము. మన పెద్దలలో ఎందరో పట్టణమునకు చదువునకు పోయినప్పుడు కులము చెప్పగానే తలుపు మూయబడి, మిషను కాంపౌండులో తలదాచుకొనినవారు. వారి మనుమలు ఇండ్లు కట్టుకొని అదే ప్రశ్న అడుగుచుండుట చూచి మేము సిగ్గుపడుచున్నాము. దీనివలన నేరమైనను తగ్గునా? దొంగసొమ్ము దాచువాడు మన కులమువాడైయుండరాదా? కులము మనిషి నడతకు సాక్ష్యము కాదు. నడత తెలియవలెనంటే నడత గూర్చియే అడుగవలెను.

అపొస్తలుల కార్యములు చివరి అధ్యాయములో పౌలు రోమాలో అద్దె ఇంట రెండు సంవత్సరములుండెనని చదువుచున్నాము. ఆయన విచారణలో నున్న ఖైదీ. కావలికి ఒక సైనికుడు కూడ ఉండెను. ఇంటికి వచ్చిపోవువారు లెక్కలేనంతమంది. మనలో ఎవరైన ఆయనకు వాటా ఇచ్చియుందుమా? ఆ రోమా ఇంటివాని పేరు గ్రంథములో లేదు.

అద్దెకిచ్చిన తరువాత కనిపెట్టియుండుట వేరు, పొంచిచూచుట వేరు. గేటు దగ్గర కెమెరా పెట్టవచ్చును. అది వారి పడకగది కిటికీవైపు తిరిగియుండరాదు. ఇల్లు మనదేయైనను అందులోని కాపురము వారిది. కేంద్ర ప్రభుత్వము 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టము, యజమాని లోపలికి పోదలచినచో 24 గంటల ముందు తెలియజేయవలెనని చెప్పుచున్నది. చట్టము లేకున్నను మర్యాద అదే గదా.

అన్నిటికంటె కష్టమైన సంగతి ఇంకొకటి యున్నది. అద్దె ఇండ్లలో జరుగు నేరములలో చాల భాగము బయటినుండి గోడ దూకి రావు. రాత్రి పదకొండు గంటలకు పై వాటాలో గిన్నెలు పగులును, ఒక స్త్రీ కేక వినబడును, తరువాత నిశ్శబ్దము. మనము టెలివిజను శబ్దము కొంచెము పెంచుదుము. “భార్యాభర్తల గొడవ, మనకెందుకు?” అందుము. ఉదయమున ఆమె కన్ను వాచియుండుట చూచి, నెలాఖరుకు ఖాళీ చేయుమని చెప్పుదుము. పోలీసులు గుమ్మము త్రొక్కిన ఇంటికి మంచిపేరుండదని మన భయము.

ఈ భయమును నిబంధనగా మార్చినయెడల ఏమగునో అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు నారిస్‌టౌన్‌లో చూచిరి. నాలుగు నెలలలో మూడుసార్లు గొడవ నిమిత్తము పోలీసులు రావలసివచ్చిన అద్దె ఇంటి యజమానికి లైసెన్సు పోవుననియు, కాపురమున్నవారిని ఖాళీ చేయింపవలెననియు ఆ పట్టణపు నిబంధన. నేరములు తగ్గించుటకే దానిని పెట్టిరి. 2012లో ఒక స్త్రీని ఆమెతో పూర్వము కలిసియుండినవాడు ఆమె ఇంటిలోనే పొడిచెను. ఇల్లు పోవునను భయముచేత ఆమె పోలీసులను పిలువవద్దని బ్రతిమాలుకొనెను. పొరుగువారు పిలువబట్టి ఆమెను హెలికాప్టరులో ఆసుపత్రికి చేర్చిరి. ఆమె తిరిగి వచ్చిన తరువాత పట్టణాధికారులు ఆమెనే ఖాళీ చేయించబూనిరి! ఆమె న్యాయస్థానమునకు వెళ్లెను. 2014లో రాజీ కుదిరి ఆ నిబంధన తీసివేయబడెను. అచ్చట దానిని చట్టముగా వ్రాసికొనిరి. మనము వ్రాయకయే పాటించుచున్నాము.

మన దేశమున 2005 నాటి గృహహింస నిరోధక చట్టము 4వ సెక్షను, హింస జరుగుచున్నదని నమ్ముటకు కారణముగల ఎవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చుననియు, సద్భావముతో తెలిపినవారిమీద ఏ కేసును ఉండదనియు చెప్పుచున్నది. ప్రాణాపాయమున 112కు, స్త్రీల సహాయమునకు 181కి ఫోను చేయవచ్చును. అంతకంటె ముందు, పైకి వెళ్లి తలుపు కొట్టి “ఏమమ్మా, అంతా బాగేనా?” అని అడుగు హక్కు, వయస్సులో పెద్దవారైన ఇంటి యజమానురాండ్రకున్నట్టు మరెవరికిని లేదు. ఆ తలుపు చప్పుడుకే తగ్గిన చేతులు కొన్ని మేమెరుగుదుము. తగ్గనివియు నున్నవి, అప్పుడు ఫోను చేయవలసినదే. తరువాత ఆమెను ఖాళీ చేయుమనక, తాళము మార్పించి ఇయ్యవలెను.

మా వీధి నర్సు చేతికట్టు విప్పకముందే ఇల్లు ఖాళీ చేసి పోయినది. అడ్వాన్సులో సున్నమునకని కొంత పట్టుకొనిరి. ఆ మరునాడే మెట్లమీద బల్బు వేయించిరి. ప్రతి రాత్రియు వెలుగుచున్నది. మేము ఆ యజమానితో ఇంతవరకు ఈ మాట మాట్లాడలేదు. ఈ పత్రిక ఆయన ఇంటికిని వచ్చును గాని, అది చేరకముందే ఈ సాయంకాలము మేమే వెళ్లదలచియున్నాము.