విప్పిన బండి, బిగించే చేతులు

ఇంగ్లండులో పాత ఎం.జి.బి. కార్లు కొన్ని అట్టపెట్టెల్లో అమ్ముడవుతుంటాయి. ఎవరో బాగుచేద్దామని ముచ్చటపడి విప్పుతారు. ఉద్యోగమో, జబ్బో అడ్డొస్తుంది. ఏళ్ల తరబడి ఆ బండి ముక్కలుగా షెడ్డులో పడి ఉంటుంది. తర్వాత మరో కుటుంబం ఆ పెట్టెలన్నీ తెచ్చుకుని, సెలవు రోజుల్లో తల్లీ తండ్రీ పిల్లలూ కలిసి బిగించడం మొదలుపెడుతుంది. 1962 నుంచి 1980 దాకా అబింగ్డన్ పట్టణంలో ఐదు లక్షలకు పైగా తయారైన చిన్న స్పోర్ట్స్ కారు అది. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి.

ఆ పెట్టెలను తలచుకుంటే బౌద్ధులమైన మనకు మిలింద రాజు గుర్తుకు రాక మానడు. రథమెక్కి వచ్చిన రాజును భిక్ఖు నాగసేనుడు అడిగాడు: నొగ రథమా, ఇరుసు రథమా, చక్రాలు రథమా? ఏదీ కాదన్నాడు రాజు. ఇవి కాక వేరే రథముందా? అదీ లేదు. వీటన్నిటి ఆధారంగా రథమనే పేరు నిలుస్తోందని చివరికి రాజే ఒప్పుకున్నాడు. మనిషి సంగతీ అంతే, లోపల ఆత్మ అనే శాశ్వతమైన మేకు ఏదీ లేదు.

మన ఉపన్యాసాల్లో ఈ కథ ఎప్పుడూ విప్పే వైపే నడుస్తుంది. విప్పితే ఏమీ మిగల్లేదని చెప్పి ముగిస్తాం. వినేవాళ్లలో కొందరు అంతా శూన్యమేనట అనుకుంటూ ఇంటికి పోతారు. ఆ కుటుంబం చేసేది తిరుగు ప్రయాణం. పెట్టెల్లో ఒక్క బోల్టు తగ్గకపోయినా అది కారు కాదు. బిగించినప్పుడు ఏ రహస్య వస్తువూ వచ్చి చేరదు, చేరేది పొందిక. ఎం.జి.బి.కి విడిగా చాసిస్ ఉండదు, ఒళ్లే చాసిస్. టాప్ లేని బండి కనుక తలుపుల కింద సాగే రేకు పెట్టెల మీద చాలా బలం ఆధారపడి ఉంటుంది. తుప్పు తినేదీ వాటినే. వాటిని కోసే ముందు తలుపు సందులో ఇనుప కడ్డీ ఆసరా పెట్టకపోతే బండి నడుము జారుతుంది, ఆ తర్వాత తలుపులు సరిగా పడవు. ఇంజనుకు రెండు కార్బురేటర్లు. రెండూ సమంగా గాలి పీలుస్తున్నాయో లేదో తెలియడానికి రబ్బరు గొట్టం చెవి దగ్గర పెట్టుకుని, బుస వింటూ మరలు తిప్పుతారు. పదేళ్ల పిల్లకు ఆ తేడా తండ్రికన్నా బాగా వినిపించవచ్చు. ప్రతీత్యసముత్పాదానికి ఇంతకన్నా తేటైన పాఠం మాకు తోచదు.

తుప్పు మితిమీరితే, 1988 నుంచి పాత అచ్చుల మీదే ఒత్తిన కొత్త ఒళ్లు కూడా అమ్ముతున్నారు. అప్పుడు అది పాత కారేనా? ఇలాంటి తగాదా ఒకటి 1990లో లండన్ హైకోర్టు దాకా వెళ్లింది. 1929, 1930లలో లె మాన్ పందెం గెలిచిన బెంట్లీని సుమారు కోటి పౌండ్లకు బేరమాడుకున్నవాళ్లు, అసలు భాగాలు దాదాపు మిగల్లేదంటూ వెనక్కి తగ్గారు. భాగాలు మారుతూ వచ్చినా దాని చరిత్ర ఎక్కడా తెగలేదు కనుక ఆ పేరు దానికి చెల్లుతుందన్నారు జస్టిస్ ఓటన్. రాత్రంతా వెలిగే దీపం ఉపమానం ఆయన విన్నారో లేదో గాని, తీర్పు మాత్రం నాగసేనుడికి నచ్చేదే.

అయితే మిలిందుడి కథలో ఒకరు కనబడరు. రథం చేసినవాడు. ఆనాటి సమాజం నీచమని ఎంచినట్టు పాలి సుత్తాలు చెప్పే కులాల్లో చండాల, పుక్కుసలతో పాటు రథకారులూ ఉన్నారు. ఎక్కేవాడు రాజు, చేసేవాడు నీచుడు! అంగుత్తర నికాయంలో మాత్రం పచేతన రాజు రథకారుడి కథ ఉంది. అతను ఒక చక్రానికి ఆరు నెలలకు ఆరు రోజులు తక్కువ పట్టించాడు, రెండోది ఆరు రోజుల్లో చేశాడు. దొర్లించి వదిలితే హడావిడి చక్రం తిరిగి తిరిగి పడిపోయింది, మొదటిది ఇరుసుకు తగిలించినట్టు నిలబడింది. తేడా అంతా అంచులో, ఆకుల్లో, కుండలో మిగిలిన వంకరల్లోనే. ఆనాటి రథకారుణ్ణి తానేనన్నాడు బుద్ధుడు. పూర్వజన్మ మాటను మనం అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. తనను తాను పోల్చుకోవడానికి ఆయన రాజును వదిలి ఆ పనివాణ్ణి ఎంచుకున్నాడు, మనకు కావలసింది అది.

ఇంగ్లండులో బ్యాంకు ఉద్యోగి ఆదివారం కారు కింద దూరి గ్రీజు పూసుకుంటే దాన్ని మంచి కాలక్షేపమంటారు. మన తాతలు చెప్పులు కుట్టింది కాలక్షేపానికి కాదు, ఆ పనిని పుట్టుక అంటగట్టింది. పనులు పంచుకోవడం వేరు, పుట్టుకతో మనుషులనే పంచెయ్యడం వేరని బాబాసాహెబ్ 1936లోనే తేల్చి చెప్పారు. అందుకే మన అమ్మానాన్నలు చేతిలోంచి పానా లాక్కుని పుస్తకం పెట్టారు. సరిగ్గానే చేశారు. డబ్బూ తీరికా ఉన్నవాళ్ల ముచ్చటను చూపించి, శ్రమ పవిత్రమని మనకు పాఠం చెప్పే హక్కు ఎవరికీ లేదు.

కాని చదువుకుని ఎదిగిన మన ఇళ్లలో పిల్లలు బండి మెకానిక్‌ను ఇప్పుడు ఏమని పిలుస్తున్నారు, అన్నా అనా, ఒరేయ్ అనా? ఈసారి ఇంట్లో సైకిలో ఫ్యానో పాడైతే అమ్మాయినీ అబ్బాయినీ పక్కన కూర్చోబెట్టుకుని మనమే విప్పి, మళ్లీ బిగించి చూద్దాం. చివర్లో ఒక మర మిగిలిపోతే, వీధి చివరి సైకిల్ షాపాయన్ని ఇంటికి పిలిచి, కుర్చీ వేసి, అది ఎక్కడిదో అడుగుదాం.