ఒక్క రాత్రి గోపురం

మహాశివరాత్రికి నరసరావుపేట దగ్గర కోటప్పకొండ తిరునాళ్లంటే పల్నాడులో ముందు గుర్తొచ్చేది బండి మీద గోపురంలా కట్టి తెచ్చే ప్రభలే. కావూరు, పురుషోత్తమపట్నం, యడవల్లి లాంటి ఊళ్లనుంచి వచ్చే ప్రభల్లో కొన్ని 80 అడుగులు దాటి ఉంటాయి. కర్రలు, వెదురు బొంగులు, తాళ్లు, గుడ్డ, రంగు కాగితాలు, ఇప్పుడైతే కరెంటు బల్బులు, వాటికో జనరేటరు. రోజుల తరబడి ఊరంతా కట్టి, కొండ కింద ఒక్క రాత్రి నిలబెట్టి, తిరునాళ్లు అయ్యాక విప్పేస్తారు. రాతి గోపురమైతే తరాలపాటు ఉంటుంది. నాలుగు రోజులు కూడా ఉండనిదాన్ని ఇంత శ్రమపడి దేవుడి ముందుకు తేవడంలో ఏం భక్తి ఉంది? కొందరు దీన్ని వేడుకని తీసిపారేస్తారు, కొందరు వృథా అంటారు. నాకు తోచేదేమంటే, ఊరు కొండమీది శివుడు కోటయ్యకు సమర్పించేది ఆ కట్టడంలోని పనిని, నడిపించడంలోని పనిని. ప్రభ ఆ పనికి గుర్తు. పని జరిగిపోయాక గుర్తు నిలవాల్సిన అవసరం లేదు.

దీనికి రుజువు ప్రభ నడకలోనే ఉంది. పైన బరువు, కింద బండి చక్రాలు, మధ్యలో గాలికి తెరచాపలా ఎదురొడ్డే వెడల్పు. అలాంటిది పడకుండా సాగాలంటే నాలుగు వైపులా మోకులు కట్టి మనుషులు పట్టుకోవాలి. రోడ్డు ఒక పక్కకు వాలితే ఆ పక్కవాళ్లు సడలించాలి, అవతలివాళ్లు బిగించాలి, అదీ ఒకే క్షణంలో. మలుపు దగ్గర ఒక్కడు తొందరపడినా మొత్తం ఒరిగిపోతుంది. దారిలో అడ్డొచ్చే కరెంటు తీగలు తప్పించాలి. ఇందులో నేను ముఖ్యమనుకునేది వెనక మోకు పట్టినవాడి సంగతి. దీపాలు, బొమ్మలు, రంగులు అన్నీ ముందువైపే. అతని కంటికి ఆనేది వెనకున్న కర్రలూ, వాటిని బిగించిన ముళ్లూ మాత్రమే. ప్రభ అంటే చూడ్డానికే అయితే ఊళ్లోంచి కొండదాకా ఆ చోట నిలబడటానికి ఎవరూ ముందుకు రారు. అయినా ఆ మోకు ఏ ఏడూ ఖాళీగా ఉండదు.

ఈ కొండ స్థలపురాణం కూడా ఇదే దారిలో ఉంది. గొల్లభామ ఆనందవల్లి రోజూ కొండెక్కి స్వామిని సేవించేది. గర్భవతి అయ్యాక ఎక్కలేక, నువ్వే దిగి రమ్మని వేడుకుంది. వెనక్కి చూడకుండా నడువు, నీ వెంట వస్తానన్నాడాయన. ఆమె తిరిగి చూసింది, ఆయన అక్కడే ఆగిపోయాడు. పాత కోటప్ప గుడి రుద్రశిఖరం మీద ఉంటే, ఇప్పుడు జనం వెళ్లే గుడి బ్రహ్మశిఖరం మీద ఉండటానికి చెప్పే కారణం ఈ కథే. చరిత్రగా దీన్ని ఎవరూ నిరూపించలేరు, ఆ అవసరమూ లేదు. ఒక జనం తమ దేవుణ్ణి ఎలా ఊహించుకున్నారన్నదానికి మాత్రం ఇది గట్టి సాక్ష్యం. ఎక్కలేనివాళ్ల కోసం చోటు మారే దేవుడాయన. అలాంటివాడి దగ్గరికి ఊళ్లకు ఊళ్లే గోపురాల్లాంటివి కట్టుకుని నడిచి రావడంలో వింతేమీ లేదు. కోనసీమ జగ్గన్నతోటలోనూ కనుమనాడు పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభల మీద ఒకచోట కలుస్తారు. అక్కడ ప్రభను మోసే భుజాలు, ఇక్కడ పట్టే మోకులు. రెండుచోట్లా పూజలో పెద్దభాగం నడకే.

దీనికి శాస్త్రం తెలిసినవారి నుంచి ఒక అభ్యంతరం వస్తుంది. భగవద్గీత పదిహేడో అధ్యాయంలో ఒక శ్లోకం ఫలం కోరి, ఆడంబరానికి చేసే యజ్ఞాన్ని రాజసమంటుంది కదా, పక్క ఊరి ప్రభ కంటే మనది రెండడుగులు ఎత్తుండాలన్న పంతం అంతకంటే ఏమిటి? నిజమే, పంతం ఉంది, దాచేదేం లేదు. కానీ అదే శ్లోకం ఫలం కోరడాన్నీ రాజసంలోనే కలిపింది. ఆ లెక్కన తలనీలాల మొక్కు, పిల్లల కోసం కట్టే ముడుపు, అన్నీ అందులోవే. వాటిని గుడి బయట పెట్టనివారు ప్రభను మాత్రం ఎందుకు పెట్టాలి? రెండో అభ్యంతరం బసవేశ్వరుడి వైపు నుంచి వస్తుంది, అది ఇంకా లోతైనది. కలిగినవాళ్లు గుళ్లు కట్టిస్తారు, నాకు నా దేహమే గుడి, కదలని స్థావరం నశిస్తుంది, కదిలే జంగమం నశించదన్నది పన్నెండో శతాబ్దంలో ఆయన చెప్పిన మాట సారం. రాతిగుడే నిలవదంటే కాగితం గోపురం ఎంత? ఈ మాట ప్రభ కంటే గుడికే ఎక్కువ తగులుతుంది. శాశ్వతంగా ఉంటానని ప్రభ ఎన్నడూ అనలేదు. అలాగని ప్రభే జంగమమని కూడా నేననను, అది అతిశయోక్తి అవుతుంది. ఆ మాట తగిలేది దాని మోకులు పట్టిన దేహాలకు.

ఇక అందరూ అనేది: ప్రభల మీద సినిమా హీరోల, నాయకుల బొమ్మలు వచ్చాయి, ముందు డాన్సులు వచ్చాయి, భక్తి పోయింది. నాకు బొమ్మల గొడవ పెద్దగా పట్టదు. జనం తమకు ఇష్టమైనవాళ్లను దేవుడి ముందుకు తీసుకురావడం ఈ నేలకు కొత్త కాదు. కారెంపూడిలో పల్నాటి యుద్ధంలో చచ్చిపోయిన మనుషుల ఆయుధాలకు ఇప్పటికీ ఏటా పూజ జరుగుతోంది. పార్టీకో ప్రభ, కులానికో ప్రభ అనే చీలిక మాత్రం నన్ను కలవరపెడుతుంది. అన్ని కులాలవాళ్లనూ ఒక్కచోట కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడని గొప్పగా చెప్పుకునే సీమలో ఎవరి మోకు ఎవరు పట్టాలో విడదీసుకోవడం ఆ పేరుకే తలవంపు. అంతకంటే చిక్కైనది ఇంకొకటుంది. చందాలు పోగుచేసి, కట్టడం నుంచి నడపడం దాకా మొత్తం పని కూలికి ఒప్పజెబితే, ఎంత ఎత్తు కట్టినా అది పందిరి వేయించినట్టే. పైన శివుడి పటమే పెట్టినా, ఊరు ఇవ్వాల్సింది ఇవ్వలేదు. ఎడ్ల స్థానంలో ట్రాక్టరు వచ్చినందుకు బాధపడేవాళ్లున్నారు గానీ, లాగే పని యంత్రానికి పోయినంత మాత్రాన పోయేదేమీ లేదు. మోకుల పని ఇంకా మనుషులదే. ఆ మనుషులు ఆ ఊరివాళ్లేనా, అన్ని వాడల వాళ్లూ ఉన్నారా అన్నదే ఏ ప్రభను చూసినా నేను అడిగే ప్రశ్న.